నడుము దగ్గర కెమెరా: యాగంటి నుంచి లేపాక్షి దాకా

తిరిగొచ్చి వారం కాలేదు. కెమెరా సంచి జిప్పు సందుల్లో నాపరాతి దుమ్ము ఇంకా తెల్లగా కనిపిస్తూనే ఉంది. అది దులిపేలోపే రాసేస్తే మంచిదని కూర్చున్నాను.

ముందు సామాను సంగతి. కెమెరా ఒలింపస్ ఓఎం-డి ఇ-ఎం10 మార్క్ 2. 2015లో వచ్చిన మోడల్. బెంగళూరులో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో 24 వేలకు తీసుకున్నాను. బ్యాటరీ, కార్డుతో కలిపి 390 గ్రాములు. దీనికి నాలుగు లెన్సులు (పేర్లలోని అంకెలు మిల్లీమీటర్లు, పెరిగేకొద్దీ దూరానివి దగ్గరకొస్తాయి; ఎఫ్ అంటే లెన్సు లోపల వెలుగు వచ్చే రంధ్రం కొలత): పానసోనిక్ 12-32 (70 గ్రాములు), ఒలింపస్ 17 ఎఫ్1.8 (120 గ్రాములు), 45 ఎఫ్1.8 (116 గ్రాములు), 40-150 జూమ్ (190 గ్రాములు). అవన్నీ కూడా వాడినవే, కలిపి 44 వేలు. మొత్తం బరువు తొమ్మిది వందల గ్రాముల లోపే. ఒలింపస్ బాడీకి పానసోనిక్ లెన్సు ఎలా పట్టిందని అడుగుతారేమో. 2008లో ఆ రెండు కంపెనీలూ కలిసి తెచ్చిన మైక్రో ఫోర్ థర్డ్స్ మౌంట్ ఇది, ఎవరి లెన్సు ఎవరి బాడీకైనా పడుతుంది.

కొనే ముందు సోనీ, ఫ్యూజీ ఏపీఎస్-సీ కెమెరాలు (సెన్సర్ దీనికంటే కాస్త పెద్దది) కూడా చూశాను. బాడీ దగ్గర తేడా పెద్దగా లేదు, అవీ చిన్నవే. కానీ జూమ్ లెన్సు తగిలించగానే ముందువైపు బరువు పెరిగిపోతుంది. షాపుల్లో అందరూ బాడీని చేతికిచ్చి "చూడండి ఎంత చిన్నదో" అంటారు. అడగాల్సింది లెన్సుల గురించి. నా ఒలింపస్‌లో సెన్సర్, అంటే ఫిల్ము బదులు బొమ్మ పడే పలక, 17.3×13 మిల్లీమీటర్లే. ఫుల్‌ఫ్రేమ్‌లో (పాత 35 ఎంఎం ఫిల్ము సైజు సెన్సర్) దాదాపు నాలుగో వంతు. అందుకే లెన్సులూ చిన్నవిగా చేయగలిగారు. అందుకే 17 మిల్లీమీటర్ల లెన్సు ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 34లా, 150 వచ్చి 300లా చూపిస్తుంది. చీకటి పడితే మాత్రం ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుగులో తీయడానికి పెంచుకునే అంకె, 3200 దాటాక ఫొటోలో నూక చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. ఆ సంగతి తెలిసే తీసుకున్నాను.

జనవరి 17. కర్నూలు, యాగంటి

పండక్కి వేసిన రథం ముగ్గులు ఇంకా గడపల ముందు పూర్తిగా చెరిగిపోలేదు. పాతబస్తీలో మామయ్య ఇంటి సందు చివర ఉగ్గాని బజ్జి తిన్నాం, ప్లేటు 40 రూపాయలు. బొరుగులు నీళ్లలో ముంచి, రెండు చేతులతో పిండి, ఉల్లిపాయ పచ్చిమిర్చి తాలింపులో పడేసి, పైన పప్పుల పొడి చల్లుతాడు. పక్కనే మిరపకాయ బజ్జి. బొరుగులు పిండే చేతుల్ని తీద్దామని కెమెరా ఎత్తితే మామయ్య నా ప్లేటు నా ముందుకు జరిపాడు. "ఉగ్గాని చల్లారితే సద్దన్నమైతాది పాపా. ముందు తిను. వాడు యాడికీ పోడు."

మామయ్య అంటే అమ్మకు అన్న. డెబ్భై దాటాయి. కర్నూలులో ముప్పై ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపి మూసేశాడు. పాస్‌ఫొటోలు, పెళ్లిళ్లు, పంచెల ఫంక్షన్లు, పోలీసు వాళ్లు పిలిస్తే శవాలు, అన్నీ తీశాడు. మోకాలి నొప్పి ఉన్నా యాగంటి బసవన్నను చూడాలని నాతో బయల్దేరాడు. తిన్నాక నా కెమెరా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, వెనక స్క్రీను పైకి మడిచి, పొట్ట దగ్గర పెట్టుకుని కిందికి చూశాడు.

"ఇది నా యాషికా కదా!"

ఆయన చాలా ఏళ్లు వాడింది యాషికా ట్విన్‌లెన్స్. దాన్ని నడుము దగ్గర పట్టుకుని, పైనుంచి గాజులోకి చూస్తూ తీయాలి. ఫొటో తీసేవాడు తల వంచుకుని ఉంటాడు కాబట్టి ఎదుటి మనిషికి తన మీద ఏదో గురిపెట్టినట్టు ఉండదట. "కంటికి పెట్టుకున్నావంటే వాళ్ల మొగం బిగుసుకుంటాది. నడుం కాడ పెట్టుకుంటే మాట్లాడతానే ఉంటారు" అన్నాడు. ఒక్క తేడా గమనించి మురిసిపోయాడు. యాషికాలో ఎడమది కుడిగా, కుడిది ఎడమగా కనిపించేది. ఇందులో దేనిది దానికే కనిపిస్తోంది. "ఇంగేం, కొత్తోళ్లకు పని సులువైంది."

అప్పటిదాకా ఆ మడిచే స్క్రీను కింద పూలు తీయడానికో, చేతులెత్తి గుంపులో తీయడానికో తప్ప వాడేదాన్ని కాదు. అక్కడినుంచి దారంతా నడుము దగ్గరే పట్టుకున్నాను. ఈ ప్రయాణంలో నేర్చుకున్నవాటిలో నాకు మిగతావన్నీ దీని తర్వాతే.

యాగంటిలో కోనేరు నీళ్లు నంది నోట్లోంచి పడుతుంటాయి. అడుగు రాళ్లు కనిపించేంత తేటగా ఉన్నాయి. బసవన్న ఏటేటా పెరుగుతాడని, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేంత చోటు ఉండేదని పక్కన నిలబడ్డ ఎవరిని అడిగినా చెబుతారు. అగస్త్యుడు శపించాడు కాబట్టి ఇక్కడ కాకులు వాలవని కూడా. నేను 40-150 తగిలించుకుని కొండ అంచులన్నీ వెతికాను. కాకి దొరకలేదు, కోతులు మాత్రం కావలసినన్ని. ఒకటి లెన్సు మూత మీద కన్నేసింది. అక్కడ తినేవే కాదు, నల్లగా గుండ్రంగా ఉన్నదేదీ చేత్తో పట్టుకుని తిరగకూడదు.

గర్భగుడిలో ఫొటోలు వద్దు, అది అందరికీ తెలిసిందే. అగస్త్య గుహ మెట్లు నిటారుగా ఉంటాయి. మామయ్య కిందే కూర్చుని, టెంకాయలమ్మే ఆమెతో బనగానపల్లె మామిడి కాపు గురించి మాట్లాడుతున్నాడు. నేను దిగి వచ్చేసరికి ఆమె తన మనవరాలి పెళ్లి సంగతి దాకా వచ్చేసింది. అప్పుడే 45తో ఆమె ముఖం తీశాను. మామయ్య పక్కన మెట్టు మీద కూర్చుని, కెమెరా మోకాలి మీద పెట్టుకుని. ఆ లెన్సు ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 90. ఆరడుగుల దూరంలో కూర్చుంటే ముఖం, భుజాలు సరిగ్గా పడతాయి. మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఉండే దూరమే అది. తీశాక స్క్రీను చూపిస్తే, "ముక్కుపుల్ల బాగా పడినాది" అని మాత్రం అంది.

జనవరి 18. కొలిమిగుండ్ల దారి, బెలుం

ఫోన్‌లో మ్యాప్ దగ్గరి దారి అని చూపించి మమ్మల్ని నాపరాళ్ల గనుల్లోకి దింపింది. తారురోడ్డు అయిపోయింది, మట్టిరోడ్డు అయిపోయింది, చివరికి రెండు పక్కలా పేర్చిన బండల మధ్య లారీ జాడ మిగిలింది. బేతంచర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, ఈ చుట్టుపక్కలంతా ఇదే రాయి. పొలానికి కంచె కావాలంటే నిలువుగా పాతిన నాపరాళ్లు. ఇంటి గోడ, కప్పు, అరుగు, బట్టలుతికే బండ, అన్నీ అవే. హైదరాబాద్‌లో మా పాత ఇంటి నేల కూడా ఇదే రాయని నాకు అక్కడ నిలబడ్డాక తట్టింది.

దారి అడుగుదామని దిగాం. భార్యాభర్తలిద్దరు బండలు చీలుస్తున్నారు. ఆయన ఉలి పెట్టి వరసగా దెబ్బలు వేసుకుంటూ పోతుంటే, రాయి పొర విడిపోయే ముందు శబ్దం మారుతుంది. గణగణలాడేది కాస్తా బొంగురు పోతుంది. ఆమె అది విని గడ్డపార దూర్చింది. బండ రొట్టెంత మందాన లేచింది. "ఇట్ల తిరుక్కోని యెనక్కి పోతే కోయిలకుంట్ల రోడ్డు తగుల్తాది" అని చెప్పి, అడగకుండానే చెంబుతో మజ్జిగ ఇచ్చారు.

అక్కడ లెన్సు మార్చాలనిపించింది. కెమెరాకు 12-32 ఉంది. ఆ ముఖాలకు 45 కావాలి. మిర్రర్‌లెస్‌లో లెన్సు తీయగానే సెన్సర్ నేరుగా బయటికి కనిపిస్తుంది, ముందు అద్దం అడ్డం ఉండదు. గాల్లో చూస్తే పిండిలా తేలుతున్న సున్నపురాతి పొడి. కారులో కూర్చుని, అద్దాలు ఎక్కించి, ఏసీ ఫ్యాను ఆపి, కెమెరా నోరు కిందికి పెట్టి మార్చాను. ఈ కెమెరాలకు ఆన్ చేసినప్పుడల్లా సెన్సర్ ముందున్న గాజు సన్నగా వణికి దుమ్ము రాల్చే ఏర్పాటు ఉంది, ఒలింపస్‌కు దానివల్ల కూడా పేరొచ్చింది. అయినా అది పొడి దుమ్ముకే. చెమట వేలితో అంటుకున్నదాన్ని అది రాల్చదు.

ఆయన నిలబడి పోజిచ్చాడు. ఆమె పని ఆపలేదు. నాకు ఆమె ఫొటోయే నచ్చింది. "పంపుతావా నిజంగా?" అని ఆయన అడిగితే మామయ్య జేబులోంచి చిన్న డైరీ తీసి అడ్రసు రాసుకున్నాడు. వాట్సాప్ నంబరు అడగబోయాను. మామయ్య తల అడ్డంగా ఊపాడు. "ఫోన్లోది ఫొటో కాదు పాపా. గోడకు తగిలించుకునేదే ఫొటో."

మధ్యాహ్నం బెలుం గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయన వీటి గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లకు, 1982-83లో గెబాయర్ అనే జర్మన్ ఆయన బృందంతో వచ్చి లోపలంతా కొలిచాడు. మొత్తం 3229 మీటర్లు, అందులో సగం దాకా జనాన్ని పోనిస్తారు. మనం తొక్కుతూ వచ్చిన నాపరాయి కూడా సున్నపురాయే, దాన్నే నీళ్లు తొలిచి చేసిన గుహలు ఇవి.

ఏసీ కారులోంచి దిగి సరాసరి లోపలికి పోతే లెన్సుకు ఆవిరి పట్టడం ఖాయం. లోపల ఉక్క అంత ఉంటుంది. టికెట్ల దగ్గర నీడలో సంచి తెరిచి పావుగంట పెట్టి, ఈలోగా చెరో సోడా తాగాం. మెట్లు దిగాక అందరి ఫోన్లూ మసకబారితే తుడుచుకుంటూ కనిపించారు.

లోపల ఎరుపు, నీలం, ఆకుపచ్చ లైట్లు. నాకవి నచ్చలేదు. రాతి రంగు ఏమిటో తెలియకుండా చేశారు. కోటిలింగాల దగ్గర మాత్రం ఒక తెల్లలైటు వేలాడే రాళ్ల మీద పక్కనుంచి పడుతోంది, అక్కడే ఎక్కువసేపు ఉన్నాం. కొత్తవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. శబ్దం రాదు కదా అని ఇలాంటి చోట సైలెంట్ షట్టర్ పెట్టకూడదు. మన కరెంటు 50 హెర్ట్‌జ్, దాని మీద నడిచే లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది, కంటికి తెలియదు. సెన్సర్ పైనుంచి కిందికి వరస వరసగా చదువుకుంటుంది కాబట్టి ఫొటో నిండా అడ్డచారలు పడతాయి. మామూలు షట్టర్ పెట్టి, 50లో ఒక వంతు సెకను ఇస్తే శుభ్రంగా వస్తుంది. కెమెరా లోపలే సెన్సర్‌ను కదిలించి చేతి వణుకును సరిచేసే పద్ధతి ఉంది కాబట్టి, రాళ్లకైతే పావు సెకను కూడా చేత్తో పట్టుకుని తీయగలిగాను. మనుషులకు అది పనికిరాదు. నా చెయ్యి వణకలేదు సరే, వాళ్లు కదులుతారు కదా.

రాత్రికి గండికోట. అమావాస్య. ఆరుబయట టెంట్ల వాళ్లు పాటలు ఆపేదాకా ఆగి, కోటగోడ వైపు నడిచి, ఒక బండ మీద జానెడు ట్రైపాడ్ పెట్టాను. 12-32కు ఫోకస్ రింగే లేదు, నక్షత్రాలకు అది దండగ. 17కు ఉన్న రింగు వెనక్కి లాగితే దూరాల గుర్తులు బయటపడతాయి, పాతకాలం లెన్సుల్లా చేత్తో పెట్టుకోవచ్చు. ఒక నక్షత్రాన్ని స్క్రీను మీద పెద్దది చేసి, అది చుక్కయ్యేదాకా తిప్పి వదిలేశాను.

ఒలింపస్‌లో లైవ్ కాంపోజిట్ అని ఒకటి ఉంది. ఈ బాడీ కొనడానికి సగం కారణం అదే. ఇరవై సెకన్ల ఫొటోలు ఒకదాని మీద ఒకటి తీస్తూ, ముందు ఫొటో కంటే కొత్తగా వెలుగు పడిన చోట్లు మాత్రమే కలుపుకుంటూ పోతుంది. ఎంతసేపు పెట్టినా ఆకాశం తెల్లబడదు, నక్షత్రాల గీతలు మాత్రం పొడుగవుతాయి. అదంతా స్క్రీను మీద అప్పటికప్పుడు కనిపిస్తుంటుంది. గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతుంది ఆకాశం. మనకు ధ్రువ నక్షత్రం ఉత్తరాన బాగా కిందికే ఉంటుంది కాబట్టి గోడ పైఅంచు మీదుగా సగం చక్రాల్లా గీతలు లేచాయి.

దుప్పటి కప్పుకుని మామయ్య స్క్రీను దగ్గరే కూర్చున్నాడు. ఒక్కో ఇరవై సెకన్లకూ గీత కొంచెం పెరగడం చూస్తూ, "డెవలపర్ ట్రేలో బొమ్మ తేల్తాంటే ఇట్లనే ఉంటాండె" అన్నాడు. ఆ తర్వాత ఫొటోలు కడిగే హైపో మందు వాసన, కరెంటు పోతే చీకటిగదిలో ఇరుక్కుపోవడం, ఎర్రలైటు కింద దోమలు, గంటసేపు అవే కబుర్లు. మధ్యలో ఒక కారు హెడ్‌లైట్లు వేసుకుని తిన్నగా మా వైపు మళ్లింది. గోడంతా తెల్లగా పడిపోయి ఆ ఫొటో చెడింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. చలికి నాకు పళ్లు టకటకమంటుంటే ఆయనకే హుషారు ఎక్కువగా ఉంది.

జనవరి 19. గండికోట, తాడిపత్రి

పొద్దున లోయ అంచుకు బండలు పట్టుకుని పోవాలి. మామయ్య జామియా మసీదు మెట్ల మీదే ఆగిపోయాడు. అంచు దగ్గర ఫోన్లు పట్టుకున్నవాళ్లందరూ వైడ్ పెట్టి తీస్తున్నారు. వైడ్‌లో గండికోట లోయ చిన్న కాలువలా కనిపిస్తుంది. అంత లోతు, అన్ని ఎర్రబండల పొరలు, కింద ఆ పెన్న, అన్నీ దూరానికి జరిగిపోతాయి. 40-150 పెట్టి, ఒక వంపును ఇంకో వంపు మీదికి దగ్గరగా లాక్కుంటేనే ఆ రాతి బరువు తెలుస్తుంది. ఎనిమిది వేల లెన్సు, ప్లాస్టిక్ మౌంటు, గట్టిగా పట్టుకోవడానికే భయం వేస్తుంది. అయినా ఈ ప్రయాణంలో పెట్టిన డబ్బుకు ఎక్కువ పని చేసింది అదే.

కోటలోనే ఊరుంది. ధాన్యాగారం వెనకనుంచి ఒక కుర్రాడు మేకల్ని తోలుకుంటూ పరుగున వచ్చాడు. ఈ పాత బాడీ పరిగెత్తేవాటి వెంట ఫోకస్ పట్టుకోలేదు, కొత్త సోనీలు అయితే సునాయాసంగా పట్టేస్తాయి. దానికి మామయ్య దగ్గర పాత మందు ఉంది. "యాడికి వస్తాయో ఆడ పాయింటు పెట్టుకోని కాచుకో. మేక నీ కాడికే వస్తాది." మాధవరాయస్వామి గోపురం ముందు ఒక రాయి మీద ఫోకస్ పెట్టి ఆగాను. మేకలు ఆ రాయినే ఎక్కాయి. ఫొటోలో కుర్రాడి కర్ర గాల్లో ఉంది.

ఉడకబెట్టిన శెనిక్కాయలమ్మే అవ్వ ఫొటో తీస్తానంటే, "తీస్కో, కాయలు కొనుక్కో" అంది. న్యాయమే. 30 రూపాయలకు పొట్లం నిండా పోసింది. డబ్బులిచ్చి ఫొటో తీయడం తప్పని కొందరు అంటారు. డబ్బులు తీసుకుని శెనిక్కాయలివ్వడం ఆమె పని, ఫొటో ఆ పని మధ్యలో జరిగింది. ఇందులో నాకైతే ఇబ్బందేమీ కనిపించలేదు.

జమ్మలమడుగులో ఎర్రకారం దోశె. దోశె మీద కారం పూసి, పప్పుల పొడి చల్లి, మడిచి పడేస్తాడు. కళ్లలో నీళ్లొస్తే నీళ్లు తాగొద్దు, చట్నీ తినమన్నాడు పక్క బెంచీ ఆయన. పనిచేసింది.

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి పెన్న ఒడ్డున ఉంది. పూర్తికాని గోపురాల మీద చెక్కడం చూస్తే, అది రాయా కొయ్యా అని చెయ్యి పెట్టి చూడాలనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఫొటోలు తీయకూడదని ఎక్కడ చూసినా రాస్తారు. నిలువు గోడ మీది శిల్పానికి ఆ మాట వర్తించదు. ఎండ పైనుంచి గోడను రాసుకుంటూ దిగే వేళ ప్రతి గీతకూ సన్నని నీడ పడుతుంది. ఎదురుగా పడే పొద్దుటి బంగారు ఎండలో అదే గోడ చప్పగా ఉంటుంది. 45 లోపలి రంధ్రాన్ని ఎఫ్5.6కు కుదించి పెట్టాను. సెన్సర్ చిన్నది కాబట్టి ఫుల్‌ఫ్రేమ్‌లో ఎఫ్11 పెట్టినంత లోతు దాకా ఫోకస్ వచ్చేస్తుంది, పైనున్న సింహంలాంటి యాళి బొమ్మ నుంచి కింద ఏనుగుల వరస దాకా అంతా స్పష్టంగా పడింది. వెనక మసకబారేలా ఫొటోలు కావాలనుకునేవాళ్లకు ఇదే లోపం. శిల్పాలు, తిండి, వీధులు తీసేవాళ్లకు ఇదే లాభం.

చింతల వేంకటరమణస్వామి గుడిలో రాతిరథం, గోడల నిండా రామాయణం. మామయ్య ఒక్క హనుమంతుడి దగ్గరే కూర్చుని, నేను వరసగా తీస్తుంటే ఆపాడు. "120 రీలులో పన్నెండే పడుతాండె. పెండ్లికి ఐదారు రీళ్లు. తాళి కట్టేది ఒకటే ఫొటో, పోతే పోయినట్టే. నువ్వు గోడనంతా గీకి తెచ్చుకుంటే రేపు యాడ చూస్తావు?" నిజానికి బ్యాటరీ కూడా ఆయన పక్షానే ఉంది. కంపెనీ లెక్కలో ఒక చార్జికి 320 ఫొటోలు. నేను స్క్రీను అదేపనిగా వెలిగించే ఉంచుతున్నాను కాబట్టి బ్యాటరీ గుర్తు తొందరగా ఎర్రగా మినుకుతోంది. జేబులో మరో రెండు బ్యాటరీలు లేకపోతే ఈ కెమెరాలతో ఊరు దాటకూడదు.

జనవరి 20. లేపాక్షి

ముందు బసవన్న, ఆ తర్వాతే గుడి. ఒకే రాయి, 27 అడుగుల పొడవు. చుట్టూ పిల్లలు, సెల్ఫీలు. మామయ్య మెడలోని గంటల దగ్గర ఆగి, ఒక్కో గంటనూ వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు.

వీరభద్రస్వామి గుడిలో జనమంతా వేలాడే స్తంభం దగ్గరే. డెబ్భై స్తంభాల్లో ఇదొక్కటే నేలను పూర్తిగా ఆనదు. కిందనుంచి చున్నీయో తువ్వాలో దూర్చి, అటు పక్కనుంచి లాగాలి. ఇటు ఒకరు, అటు ఒకరు మోకాళ్ల మీద వంగి, ముఖాలు దాదాపు నేలకు ఆనించి, "వచ్చింది, వచ్చింది" అని అరుస్తుంటారు. అనంతపురం నుంచి వచ్చిన కొత్త జంట, కర్ణాటక ముసలమ్మలు, కాలేజీ పిల్లలు, అందరిదీ అదే భంగిమ. నేను 17 రింగు వెనక్కి లాగి, రెండు మీటర్ల దగ్గర పెట్టి, ఎఫ్5.6 ఉంచాను. ఇక నాలుగడుగుల నుంచి పదహారు అడుగుల దాకా ఉన్నదంతా ఫోకస్‌లోనే ఉంటుంది. ఆటోఫోకస్ వెతుకులాట లేదు. కెమెరా నడుము దగ్గర, చూపు ఎటో. ఆ చిన్న గుంపులో ఎవ్వరూ నావైపు తిరగలేదు. ఒక ముసలమ్మ మాత్రం నన్నే పిలిచి, "పట్టుకో అమ్మా ఆ కొస" అని తువ్వాలు అందించింది. కెమెరా వదిలి కొస పట్టుకున్నాను.

పైకప్పు బొమ్మలకు వేరే తంటా. ఐదు వందల ఏళ్ల నాటి రంగులు, ఫ్లాష్ అసలు వద్దు, స్టాండూ వద్దన్నాడు కాపలా ఆయన. తల వెనక్కి వాల్చి తీస్తే మెడ పట్టేస్తుంది. నేల మీద చేతిరుమాలు పరిచి, దాని మీద కెమెరా వెల్లకిలా పడుకోబెట్టి, ఫోన్‌లో యాప్‌తో కలిపి చూస్తూ తీశాను. కాపలా ఆయన వచ్చి రుమాలును, నన్ను, ఫోన్‌ను మార్చి మార్చి చూసి, ఏమీ అనలేక నవ్వేశాడు. తర్వాత ఆయనే ఫోన్ తీసుకుని, కిరాతార్జునీయం బొమ్మలో అడవిపంది ఎక్కడుందో పెద్దది చేసి నాకు చూపించాడు.

మామయ్యకు ఆ బొమ్మల్లో దొరికింది వేరు. "అందరూ పక్కకే తిరిగినారు చూడు. ఒక్కడూ ఎదురుగా చూడ్లే." నిజమే. పెద్ద కళ్లు, సూటి ముక్కులు, చాలావరకు పక్కముఖాలే. తన స్టూడియోలో ఎప్పుడూ ముఖం కాస్త తిప్పి కూర్చోబెట్టేవాణ్ణని, ఎదురుగా చూసేది పాస్‌ఫొటోకే అని చెప్పాడు. లతా మంటపం స్తంభాల దగ్గర హిందూపురం ఆడవాళ్లిద్దరు ఒక డిజైన్‌ను తమ చీర అంచుతో పోల్చి చూసుకుంటున్నారు. అడిగి తీశాను. చీర కొంగు, రాతి స్తంభం, ఇద్దరి వేళ్లు. ముఖాలు లేవు.

బయట రాగిముద్ద, ఉలవల పులుసు, 90 రూపాయలు. ముద్ద నమలకూడదు, మింగాలి. మామయ్యకు ఇది చెప్పక్కర్లేదు. పక్క టేబుల్ దగ్గర నమిలి అవస్థ పడుతున్న హైదరాబాద్ కుర్రాళ్లకు ఆయనే పాఠం చెప్పాడు.

జనవరి 21. కర్నూలు

ల్యాబ్‌లో ప్రింట్లు. ఈ కెమెరా ఫొటో ఆకారం 4:3. స్టూడియో వాళ్లు 6×8 అనే కాగితం సరిగ్గా ఆ కొలతే. మామయ్యకు ఇది ముందే తెలుసు. "పక్కలు కోసే పన్లే" అన్నాడు. ఒక్కోటి 25 రూపాయలు. మొదటి ప్రింటు నల్లగా వచ్చింది. కెమెరా స్క్రీను మీద తెల్లగా కనిపించింది, కాగితం మీద గనుల ఆమె ముఖం మసిబారింది. ల్యాబ్ కుర్రాడు "ఫైలే అట్ల ఉంది అంకుల్" అన్నాడు. మామయ్య వాడి భుజం మీదుగా వంగి, "రెండు పాయింట్లు లేపు. ఎరుపు ఒకటి తియ్. ఇంగ కొట్టు" అన్నాడు. రెండోది బాగుంది. కుర్రాడు మొదటిదానికి డబ్బులు తీసుకోలేదు.

డైరీలోని అడ్రస్ కొలిమిగుండ్ల బస్టాండు పక్కన ఒక టీ అంగడి. కొరియర్ చేద్దామంటే మామయ్య వద్దన్నాడు. ఎటూ కోయిలకుంట్లలో చుట్టాలున్నారు, బస్సులో పోయి తనే ఇచ్చి వస్తాడట. యాగంటి టెంకాయల ఆమెది కూడా. కవర్లు రెండూ సంచిలో పెట్టుకున్నాక, కెమెరా వైపు చూశాడు.

"ఇది నెల దినాలు నా కాడ ఉండనీ."

"లెన్సులు?"

"ఆ 45 చాలు. మిగతావి నువ్వే ఉంచుకో. చార్జరు మాత్రం మర్చిపోకుండా ఇచ్చి పో."